ఐఎస్‌ఓ ఫైల్లోంచి ఫైళ్లు కమాండ్లతో తీయాలంటే డీవీడీ రైట్ చేయక్కర్లేదు. కానీ ముందు లోపలికి తొంగి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. పాత డీవీడీ నుంచి ఎవరో తీసిచ్చిన 4.3 జీబీ ఐఎస్‌ఓ ఫైల్ ఒకటి ఉంది, అది స్క్రీన్ లేని ఉబుంటు సర్వర్లో పడి ఉంది, మీరు ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి టెర్మినల్లోకి వెళ్లే దారి) తప్ప దాన్ని చేరుకోలేరు. అందులో ఫొటోల ఫోల్డర్ ఒక్కటే కావాలి. దానికోసం డీవీడీ డ్రైవ్ కొని, మళ్లీ డిస్క్ రైట్ చేసి, అందులోంచి కాపీ చేసుకోవాలా అని అడిగారు. ఫైల్ పేరు చివర జిప్ అని మార్చి అన్‌జిప్ చేయమని ఒక ఫ్రెండ్ చెప్పాడని, అది పనిచేయలేదని కూడా రాశారు.

అక్కర్లేదండీ. డ్రైవూ వద్దు, డిస్కూ వద్దు. నాలుగు లైన్ల పని. ఇక్కడ అంతా తెలుగు లిపిలోనే రాస్తున్నాను కాబట్టి కమాండ్లను కూడా పలికినట్టే రాస్తాను, టెర్మినల్లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో కొట్టుకోండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తాను.

`సుడో ఎంకేడిర్ /ఎంఎన్‌టీ/డిస్క్`
`సుడో మౌంట్ -ఓ లూప్,ఆర్‌ఓ పాతవి.ఐఎస్‌ఓ /ఎంఎన్‌టీ/డిస్క్`
`సీపీ -ఏ /ఎంఎన్‌టీ/డిస్క్/ఫొటోలు ~/`
`సుడో యూమౌంట్ /ఎంఎన్‌టీ/డిస్క్`

సుడో (అడ్మిన్) హక్కు లేకపోతే (ఆఫీసు సర్వర్లలో చాలామందికి ఉండదు), మౌంట్ చేయకుండానే, అంటే ఐఎస్‌ఓను ఒక ఫోల్డర్‌లా తగిలించకుండానే, 7జిప్ వాళ్ల కమాండ్‌తో తీయొచ్చు:

`7జెడ్ ఎల్ పాతవి.ఐఎస్‌ఓ`
`7జెడ్ ఎక్స్ పాతవి.ఐఎస్‌ఓ -ఓబయటికి ఫొటోలు`

మొదటిది జాబితా చూపిస్తుంది, రెండోది ఆ ఒక్క ఫోల్డర్‌ను 'బయటికి' అనే చోటికి తీస్తుంది. హైఫన్ ఓ తర్వాత ఖాళీ వదలకూడదు, ఫోల్డర్ పేరు దానికి అతుక్కునే ఉండాలి. ఇది తెలియక నేనూ మొదట్లో ఓ గంట జుట్టు పీక్కున్నాను.

నూటికి తొంభై మందికి ఇక్కడితో పని అయిపోతుంది. మిగతాదంతా ఆ పదిమంది కోసం, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేది ఎప్పుడూ వాళ్లే. ఇరవై ఏళ్లుగా సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది, చుట్టాల ఇళ్లలో బీరువాల్లోంచి బయటపడే డిస్కులన్నీ చివరికి నా టేబుల్ మీదికే చేరతాయి.

జిప్ అని మారిస్తే ఎందుకు తెరుచుకోదు

జిప్ అంటే ఫైళ్లను మూటకట్టడం. ఐఎస్‌ఓ అలా కాదు, డిస్క్‌లో ఏ సెక్టర్ తర్వాత ఏది ఉందో ఉన్నది ఉన్నట్టు దింపిన అచ్చు. ఐఎస్‌ఓ 9660 అనే ప్రమాణం 1988లో వచ్చింది, ఒక్కో సెక్టర్‌లో 2048 బైట్లు. మొదటి 16 సెక్టర్లను సిస్టమ్ కోసం వదిలేస్తారు, పదహారో నంబర్ సెక్టర్ దగ్గర 'సీడీ001' అనే ఐదక్షరాల ముద్ర ఉంటుంది. లైనక్స్ మౌంట్ చేసేటప్పుడు వెతికేది ఆ ముద్రనే. పేరు చివర ఏ ఎక్స్‌టెన్షన్ పెట్టారన్నది దానికి అనవసరం. కాబట్టి ముందు `ఫైల్ పాతవి.ఐఎస్‌ఓ` అని కొట్టి చూడండి. ఐఎస్‌ఓ 9660 అని, పక్కనే డిస్క్ పేరు చూపిస్తే మీరు సరైన దారిలోనే ఉన్నారు. వట్టి 'డేటా' అని వస్తే అది పేరుకే ఐఎస్‌ఓ, లోపల వేరే సరుకేదో ఉంది, దాని సంగతి కింద చెప్తాను.

ఇంకో చిన్న పరీక్ష కూడా చేయండి, ముఖ్యంగా ఫైల్ ఎవరో పంపిస్తే డౌన్‌లోడ్ చేసుకున్నదైతే. `ఐసోఇన్‌ఫో -డి -ఐ పాతవి.ఐఎస్‌ఓ` అంటే వాల్యూమ్ సైజ్ అని ఒక అంకె వస్తుంది. అది సెక్టర్ల లెక్క. ఉదాహరణకు 2100000 అని వస్తే, 2048తో గుణిస్తే 4300800000 బైట్లు. ఎల్‌ఎస్ -ఎల్‌లో మీ ఫైల్ సైజు దానికంటే తక్కువ చూపిస్తే డౌన్‌లోడ్ మధ్యలో తెగిపోయిందన్నమాట. మౌంట్ మాత్రం శుభ్రంగా అవుతుంది, ఎందుకంటే డైరెక్టరీ వివరాలు మామూలుగా డిస్క్ మొదట్లోనే ఉంటాయి. అన్ని పేర్లూ కనిపిస్తాయి, కాపీ చివరికొచ్చాక ఎర్రర్ వస్తుంది. అప్పుడు కమాండ్‌ను తిట్టుకుని లాభం లేదు.

కాపీ దగ్గర జనం చేసే పొరపాట్లు

ఒకటి, చుక్క గుర్తు పెట్టుకోండి. మొత్తం డిస్క్ కావాలని `సీపీ -ఏ /ఎంఎన్‌టీ/డిస్క్/* గమ్యం/` అని నక్షత్రం పెడతారు. నక్షత్రం చుక్కతో మొదలయ్యే ఫైళ్లను పట్టించుకోదు. ఉబుంటు ఐఎస్‌ఓలో చుక్క డిస్క్ అనే ఫోల్డర్ ఒకటి ఉంటుంది, నక్షత్రంతో చేస్తే అది వెనకే మిగిలిపోతుంది, మీరు కట్టుకున్న సొంత ఇన్‌స్టాలర్ ఎందుకో మొరాయిస్తుంది. నక్షత్రం బదులు స్లాష్ తర్వాత ఒక చుక్క పెట్టండి: `సీపీ -ఏ /ఎంఎన్‌టీ/డిస్క్/. గమ్యం/`. అన్నీ వస్తాయి.

రెండు, కాపీ అయ్యాక ఆ ఫైళ్లను ఎడిట్ చేయలేరు, డిలీట్ కూడా చేయలేరు. డిస్క్ చదవడానికి మాత్రమే కాబట్టి అనుమతులు కూడా చదవడానికే ఉంటాయి, సీపీ -ఏ వాటిని కూడా నమ్మకంగా తెచ్చేస్తుంది. `సీహెచ్‌మోడ్ -ఆర్ యూ+డబ్ల్యూ ఫొటోలు` అంటే సరి (ఇక్కడ ఆర్ పెద్ద అక్షరం). సుడోతో కాపీ చేసి ఉంటే ఓనర్ కూడా రూట్ అయ్యుంటాడు, అప్పుడు సీహెచ్‌ఓన్ కూడా కావాలి. అందుకే మౌంట్‌కి మాత్రమే సుడో వాడి, కాపీ మామూలు యూజర్‌గా చేయమంటాను.

మూడు, 7జెడ్‌లో 'ఎక్స్' అక్షరం వాడండి, 'ఈ' అక్షరం వాడకండి. 'ఈ' అంటే ఫోల్డర్లన్నీ చదును చేసి అన్నిటినీ ఒకే చోట కుమ్మరిస్తుంది. కెమెరా ఫొటోలకు ప్రతి ఫోల్డర్లోనూ అవే నంబర్లుంటాయి కదా, ఒకదాని మీద ఒకటి పడతాయి. రాసేయమంటారా అని అడుగుతుంది, అన్నిటికీ అవును అని కొట్టారంటే మూడు పండగల ఫొటోల్లో ఒక పండగే మిగులుతుంది.

నాలుగోది కాపీ కాదు గానీ చెప్పాలి, చివర్లో విప్పే కమాండ్ 'అన్‌మౌంట్' కాదు, యూ తర్వాత నేరుగా మౌంట్. మధ్యలో ఎన్ ఉండదు. కొట్టాక 'టార్గెట్ ఈజ్ బిజీ' అని వస్తే, నూటికి తొంభై తొమ్మిది సార్లు మీరే ఆ ఫోల్డర్‌లో కూర్చుని ఉంటారు. సీడీ (ఫోల్డర్ మారే కమాండ్, డిస్క్ కాదు) కొట్టి బయటికి రండి. ఇంకా బిజీ అంటే `ఫ్యూజర్ -వీఎం /ఎంఎన్‌టీ/డిస్క్` ఎవరు పట్టుకున్నారో చెప్తుంది.

ఫొటోలు సగమే ఉన్నాయా? సెషన్ల సంగతి

మీది స్టూడియో నుంచి వచ్చిన డిస్క్ అయితే ఇది జాగ్రత్తగా చదవండి. మా బంధువులొకరు ఒక సీడీ ఇచ్చారు, నిశ్చితార్థం, పెళ్లి, రిసెప్షన్ మూడూ అందులోనే ఉండాలి. స్టూడియో అతను ఒక్కో ఫంక్షన్ అయ్యాక అదే సీడీలో కలిపి రైట్ చేసిచ్చాడట. నేను ఇమేజ్ తీసి మౌంట్ చేస్తే నిశ్చితార్థం ఫొటోలు తప్ప ఇంకేం లేవు. ఆవిడ మొహం చూడలేకపోయాను.

అనుమానం వచ్చింది సైజుల దగ్గర. ఇమేజ్ 640 ఎంబీ ఉంది, మౌంట్ చేసిన ఫోల్డర్లో `డీయూ -ఎస్‌హెచ్` (మొత్తం సైజు చెప్పే కమాండ్) కొడితే 210 ఎంబీ కూడా లేదు. మిగతాది ఎక్కడికి పోయినట్టు?

సీడీని విడతలుగా (వీటినే సెషన్లంటారు) రైట్ చేస్తే ప్రతి విడతకూ కొత్త విషయసూచిక రాస్తుంది. నిజం డ్రైవ్‌లో డిస్క్ పెడితే, చివరి విడత ఎక్కడ మొదలైందని లైనక్స్ డ్రైవ్‌ను అడిగి తెలుసుకుంటుంది. ఇమేజ్ ఫైల్‌ను అడిగితే ఏం చెప్తుంది పాపం, ఆ సమాచారం అందులో లేదు. అందుకని మొదటి విషయసూచికే చదివి, అక్కడితో ఆగిపోతుంది. ఫొటోలు ఫైల్‌లోనే ఉన్నాయి, దారి చూపించేవాళ్లే లేరు.

దారి మనమే వెతకొచ్చు. ఇందాక చెప్పిన 'సీడీ001' ముద్ర ప్రతి విడతలోనూ ఉంటుంది. `గ్రెప్ -ఏబీఓ సీడీ001 పెళ్లి.ఐఎస్‌ఓ` అంటే (ఇక్కడ సీడీ రెండూ పెద్ద అక్షరాలు) ఆ ముద్ర ఉన్న చోట్లన్నీ బైట్లలో చెప్తుంది. నాకు మొదట 32769, ఆ వెంటనే 34817, 36865 వచ్చాయి, ఇవి మొదటి విడతవి, గుంపుగా ఉంటాయి. తర్వాత చాలా దూరంలో 242397185 కనిపించింది. అది రెండో గుంపులో మొదటిది. అందులోంచి ఒకటి తీసేసి 2048తో భాగిస్తే 118358, అందులోంచి ముందు వదిలేసే 16 సెక్టర్లు తీసేస్తే 118342. ఆ విడత మొదలయ్యే సెక్టర్ అదే. లెక్క కుదిరిందో లేదో మొదటి దానితో సరిచూసుకోండి, 32769కి చేస్తే సున్నా రావాలి.

ఇంకా కిందికి వెళ్తే మూడో గుంపు కూడా ఉంది, అదే చివరి విడత. దానికీ అదే లెక్క కట్టి, వచ్చిన అంకెతో ఇలా మౌంట్ చేయాలి (రెండో విడతకైతే నేను వాడింది ఇదీ):

`సుడో మౌంట్ -ఓ లూప్,ఆర్‌ఓ,ఎస్‌బీసెక్టర్=118342 పెళ్లి.ఐఎస్‌ఓ /ఎంఎన్‌టీ/డిస్క్`

చివరి విడతలోని విషయసూచిక మామూలుగా పాత విడతల ఫైళ్లను కూడా కలుపుకుని ఉంటుంది, అందుకని దాన్నొక్కదాన్ని మౌంట్ చేస్తే మూడు ఫంక్షన్లూ కనిపించాయి. రైట్ చేసినవాడు పాతవి కలుపుకోకపోతే ఒక్కో విడతనూ విడివిడిగా మౌంట్ చేసి తీసుకోవాలి.

అలాంటి డిస్క్ నుంచి ఇమేజ్ తీసేటప్పుడు డీడీ (డిస్క్‌ను ఉన్నది ఉన్నట్టు ఫైల్లోకి దింపే కమాండ్) వాడకండి. సీడీలో మొదటి విడతకూ రెండో విడతకూ మధ్య 11400 సెక్టర్ల ఖాళీ ఉంటుంది, సుమారు 22 ఎంబీ, అది చదవడానికి రాదు. డీడీ అక్కడికి రాగానే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. డీడీరెస్క్యూ అనే కమాండ్ ఆ ఖాళీలో సున్నాలు నింపుకుంటూ ముందుకు పోతుంది.

వీసీడీ అయితే ఇవేవీ పనిచేయవు

2000 తర్వాత ఓ పదేళ్ల పాటు మన ఊళ్లలో పెళ్లి క్యాసెట్ పోయి పెళ్లి సీడీ వచ్చింది గుర్తుందా, మూడు నాలుగు సీడీలు ఒక ప్లాస్టిక్ కవర్లో, పైన దంపతుల ఫొటో స్టిక్కర్. అవి చాలావరకు వీసీడీలు, అంటే వీడియో సీడీలు. మౌంట్ చేస్తే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్, అందులో ఏవీసెక్01 డాట్ డాట్ అని పెద్ద ఫైల్ కనిపిస్తుంది (రెండో డాట్ ఎక్స్‌టెన్షన్ పేరు, నవ్వకండి). కాపీ కొట్టగానే 'ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్'. డిస్క్ పాడైపోయిందనుకుని చాలామంది అక్కడే వదిలేస్తారు. పాడవ్వలేదు!

విషయం ఏంటంటే, సీడీలో సెక్టర్ అసలు సైజు 2352 బైట్లు. మామూలు డేటాకి అందులో 2048 మనవి, మిగతావి గుర్తింపుకీ, తప్పులు దిద్దుకోవడానికీ పోతాయి. వీడియోలో ఒకటి రెండు బిట్లు తప్పినా కంటికి తెలియదు కదా అని, వీసీడీలో ఆ దిద్దుబాటు కోటాను చాలావరకు తీసేసి సెక్టర్‌కి 2324 బైట్ల వీడియో కూరారు. మామూలు పద్ధతిలో 2048 చొప్పున అడిగితే డ్రైవ్ ఇవ్వనంటుంది. కాబట్టి వీసీడీ నుంచి డీడీతో ఐఎస్‌ఓ తీయడమే తప్పు, నాకు కొన్ని ఎంబీల దగ్గరే ఆగిపోయింది. అలాంటి ఐఎస్‌ఓ మీ చేతికొస్తే అందులో సినిమా లేదు, కవర్ మాత్రమే ఉంది, అసలు డిస్క్ కోసం ఫోన్ చేయండి.

డిస్క్ దొరికితే వీసీడీఎక్స్‌రిప్ అనే కమాండ్ ఉంది, వీసీడీ ఇమేజర్ అనే ప్యాకేజీతో వస్తుంది. డ్రైవ్ నుంచి గానీ బిన్ ఫైల్ నుంచి గానీ నేరుగా ఎంపెగ్ వీడియో తీసిస్తుంది. బిన్, క్యూ అని రెండు ఫైళ్లు జంటగా ఉన్నాయంటే అది 2352 లెక్కన తీసిన ఇమేజ్ కావచ్చు. లోపల వీడియో కాకుండా మామూలు డేటా ఉంటే బీచంక్ కమాండ్ దాన్ని ఐఎస్‌ఓగా మార్చేస్తుంది, ఆ తర్వాత పైన చెప్పినట్టే మౌంట్. పైన 'డేటా' అని వచ్చిన ఐఎస్‌ఓల్లో కొన్ని ఇలా పేరు మార్చిన బిన్‌లే.

తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలైతే

మౌంట్ చేశాక ఫోల్డర్ పేర్లు వరసగా ప్రశ్నార్థకాలో, గీతలో కనిపిస్తే ఫైళ్లు పోలేదు. విండోస్‌లో రైట్ చేసిన డిస్కుల్లో పేర్లు జూలియట్ అనే పొరలో యూనికోడ్‌లో ఉంటాయి. ఆప్షన్లలో `ఐఓక్యారెసెట్=యూటీఎఫ్8` కలిపి మళ్లీ మౌంట్ చేస్తే తెలుగు తెలుగులా వస్తుంది. పేరు మధ్యలో తెగిపోయి ఉంటే మాత్రం చేసేదేం లేదు, రైట్ చేసినప్పుడే తెగింది. జూలియట్‌లో పేరుకి 64 అక్షరాలే పరిమితి, తెలుగులో గుణింతం గుర్తూ పొల్లూ అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి, 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికే ఆరు పోతాయి. 'అమ్మమ్మగారి షష్టిపూర్తి' లాంటి పేర్లు పెట్టే మనకు ఆ 64 ఏ మూలకి?

పేర్లన్నీ ఇంగ్లిష్‌లో, ఎనిమిది అక్షరాల దగ్గర తెగి కనిపిస్తే, జూలియట్ గానీ లైనక్స్ వాళ్ల రాక్ రిడ్జ్ గానీ లేని పాత పద్ధతి డిస్క్ అన్నమాట. ఉన్నవి ఉన్నట్టు తీసుకోవడమే.

విండోస్ ఐఎస్‌ఓలో రీడ్‌మీ ఒక్కటే వస్తే

సుడో లేనివాళ్లకు బీఎస్‌డీటార్ అని ఇంకో సులువైన దారి ఉంది. విండోస్ 10లో 2018 నుంచి వస్తున్న టార్ కమాండ్ కూడా అదే, `టార్ -ఎక్స్‌ఎఫ్ పాతవి.ఐఎస్‌ఓ` అంటే తీసేస్తుంది. కానీ దీనికి యూడీఎఫ్ (ఐఎస్‌ఓ 9660 లాగే డిస్కుల్లో ఫైళ్లు అమర్చే ఇంకో పద్ధతి) రాదు. విండోస్ ఇన్‌స్టాల్ చేసే ఐఎస్‌ఓ అసలు సరుకంతా యూడీఎఫ్‌లో పెట్టి, ఐఎస్‌ఓ 9660 వైపు ఒక చిన్న రీడ్‌మీ మాత్రం ఉంచుతుంది, 'ఈ డిస్క్ చదవాలంటే యూడీఎఫ్ తెలిసిన సిస్టమ్ కావాలి' అని అందులో రాసి ఉంటుంది. ఐదు జీబీల ఫైల్‌లోంచి ఒక్క రీడ్‌మీ బయటికి వచ్చి కమాండ్ ఏ ఎర్రర్ లేకుండా ముగిస్తే కంగారు పడకండి, 7జెడ్ వాడండి, దానికి యూడీఎఫ్ వచ్చు. మౌంట్ చేసినా `-టీ యూడీఎఫ్` అని చెప్తే చాలు.

అదే ఐఎస్‌ఓను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తుంటే ఇన్‌స్టాల్ డాట్ విమ్ దగ్గర ఆగిపోయిందంటే, పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అయ్యుంటుంది. అందులో ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు. పెన్‌డ్రైవ్‌లో ఇంకా 20 జీబీ ఖాళీ ఉన్నా ఇదే కథ. విమ్‌లిబ్ అనే టూల్‌తో ఆ ఫైల్‌ను ముక్కలు చేసి పెట్టొచ్చు.

విండోస్ మెషీన్లోనే ఉంటే ఇవేవీ లేకుండా పవర్‌షెల్‌లో మౌంట్-డిస్క్‌ఇమేజ్ ఉంది, ఫైల్ దారి మొదటి నుంచి పూర్తిగా ఇవ్వాలి, కొత్త డ్రైవ్ అక్షరం వస్తుంది, అక్కడి నుంచి రోబోకాపీ. మ్యాక్‌లో `హెచ్‌డీఐయుటిల్ అటాచ్`, వాల్యూమ్స్ కింద కనిపిస్తుంది.

మెమరీ కార్డ్ ఇమేజ్ అయితే

ఇది మీ ప్రశ్న కాదు, కానీ ఇదే చోటికి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఎక్కువ. డిస్క్ ఇమేజ్ అంటే అన్నీ సీడీలు కావు. భీమవరం దగ్గర చెరువుల పనిచేసే ఒక మిత్రుడు 'రాస్ప్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టి నీళ్లలో ఆక్సిజన్ రీడింగులు రాయించేవాడు. బోర్డు పోయింది, కార్డ్ ఇమేజ్ పంపించాడు. నేరుగా మౌంట్ చేస్తే 'రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్' అంటుంది, ఎందుకంటే ఆ ఫైల్ ఒక పార్టిషన్ కాదు, రెండు పార్టిషన్లున్న పూర్తి కార్డు. ఇంటి తాళం గేటుకు పెడితే తెరుచుకోదు కదా.

`సుడో లోసెటప్ -ఆర్ -పీ -ఎఫ్ --షో కార్డ్.ఐఎంజీ` (పీ మాత్రం పెద్ద అక్షరం). లూప్0 అని వస్తే, లూప్0పీ1, లూప్0పీ2 అని రెండు ముక్కలు తయారవుతాయి. రెండోది మీకు కావాల్సిన ఎక్స్ట్4 (లైనక్స్ ఫైల్ సిస్టమ్) పార్టిషన్. పాత సిస్టమ్స్‌లో ఇది లేకపోతే `ఎఫ్‌డిస్క్ -ఎల్`లో ఆ పార్టిషన్ మొదలయ్యే సెక్టర్ చూసి 512తో గుణించి ఆఫ్‌సెట్‌గా ఇవ్వాలి. 8192 దగ్గర మొదలైతే 4194304. ఇక్కడ 512, సీడీలో 2048, కలిపేసుకోకండి.

కరెంటు పోయి ఆగిపోయిన బోర్డు కాబట్టి, చదవడానికి మాత్రమే అని మౌంట్ చేసినా ఒప్పుకోలేదు. డీమెసేజ్‌లో (సిస్టమ్ సందేశాలు చూపే కమాండ్) చూస్తే, రాసే వీల్లేదు, నోలోడ్‌తో ప్రయత్నించు అని దానికదే చెప్తోంది. ఎక్స్ట్4లో సగంలో ఆగిన పనుల చిట్టా ఒకటి ఉంటుంది, మౌంట్ చేసేటప్పుడు ముందు అది పూర్తి చేయాలని చూస్తుంది. `-ఓ ఆర్‌ఓ,నోలోడ్` అంటే ఆ చిట్టా జోలికి పోకుండా తెరుస్తుంది. ఇక్కడొక తిరకాసు ఉంది, లోసెటప్‌లో -ఆర్ పెట్టకుండా మౌంట్‌లో మాత్రమే ఆర్‌ఓ అంటే, ఆ చిట్టాను ఇమేజ్‌లోనే రాసేస్తుంది. 'చదవడానికి మాత్రమే' అన్నాక కూడా ఫైల్ మారిపోతుంది. అందుకే ఉన్న ఒక్క ఇమేజ్‌తో ఆటలాడకండి, ముందు ఇంకో కాపీ పెట్టుకోండి.

అన్నీ వచ్చాయో లేదో చూడటం

మౌంట్ ఇంకా విప్పకముందే రెండు పనులు చేయండి. `డిఫ్ -ఆర్‌క్యూ /ఎంఎన్‌టీ/డిస్క్/ఫొటోలు ~/ఫొటోలు` కొట్టండి. ఏమీ చెప్పకుండా ప్రాంప్ట్ తిరిగొస్తే రెండూ ఒకటే. తర్వాత మొత్తం డిస్క్‌కి `డీయూ -ఎస్‌హెచ్` కొట్టి ఐఎస్‌ఓ సైజుతో పోల్చండి, మీ 4.3 జీబీకి దగ్గరగా ఉండాలి. సగమే ఉంటే పైన సెషన్ల భాగం మళ్లీ చదవండి.

డిఫ్ మధ్యలో రీడ్ ఎర్రర్ అంటే, ఐఎస్‌ఓ తీసేటప్పుడే గీతలు పడ్డ చోట ఆగిపోయి, ఫైల్ చివరి భాగం లేకుండా ఉండొచ్చు. ఆ డీవీడీ ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే తెప్పించుకోండి, డ్రైవ్ ఉన్న మెషీన్లో:

`డీడీరెస్క్యూ -బీ 2048 -ఎన్ /డెవ్/ఎస్‌ఆర్0 కొత్త.ఐఎస్‌ఓ కొత్త.మ్యాప్`
`డీడీరెస్క్యూ -బీ 2048 -డీ -ఆర్3 /డెవ్/ఎస్‌ఆర్0 కొత్త.ఐఎస్‌ఓ కొత్త.మ్యాప్`

మొదటిసారి తేలిగ్గా వచ్చేవన్నీ తీసుకుంటుంది, రెండోసారి మిగిలిపోయిన చోట్ల దగ్గరికి మాత్రమే వెళ్లి మూడేసిసార్లు ప్రయత్నిస్తుంది. మ్యాప్ ఫైల్‌ను డిలీట్ చేయకండి, ఎక్కడెక్కడ బాకీ ఉందో రాసుకునే పద్దు అదే. డిస్క్‌ను మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి, వేరే డ్రైవ్‌లో పెట్టి, అదే మ్యాప్‌తో మళ్లీ నడిపితే ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదువుతుంది. నాకు ఒకసారి ఓ పాత డెస్క్‌టాప్‌లోని డ్రైవ్, కొత్త యూఎస్‌బీ డ్రైవ్ చేతులెత్తేసిన చోట, గుర్రుగుర్రుమంటూనే అన్నీ చదివిపెట్టింది. పాత డ్రైవ్‌లు పారేయొద్దని అందుకే మా ఇంట్లో గొడవ పడుతుంటాను.

ముందు ఆ నాలుగు లైన్లు వేసి చూడండి. మౌంట్ దగ్గరే ఆగిపోతే, `ఫైల్` కమాండ్ ఏం చెప్పిందో, `డీమెసేజ్`లో చివరి ఐదు లైన్లు ఏంటో ఇక్కడే పెట్టండి, సాయంత్రం డ్యూటీ దిగాక చూస్తాను.